ఓబులేసు అడిగిన నాలుగో వంతు

కరోనా తర్వాత బళ్ళు తెరుచుకున్న మరుసటి ఏడు నేను హిందూపురంలో బి.ఎడ్. చదువుతున్నాను. టీచింగ్ ప్రాక్టీసుకు మడకశిర వైపు ఒక పల్లెలోని హైస్కూలు పడింది. టీచింగ్ ప్రాక్టీసు అంటే, ఉద్యోగం రాకముందే నిజం బడిలో, నిజం పిల్లలకు, కొన్ని వారాల పాటు పాఠాలు చెప్పడం. మమ్మల్ని ఛాత్రోపాధ్యాయులు అంటారు. సగం విద్యార్థులం, సగం టీచర్లం. జీతం లేదు, సెలవు అడగాలంటే మాత్రం ఇద్దరి సంతకాలు కావాలి.

ధర్మవరంలో మాది కిరాణా అంగడి. నేను టీచరునవుతానంటే మా నాయనకు నమ్మకం లేదు. "పోయి సూడు. కుదరకపోతే ఊరికే ఏడవొద్దు, వచ్చి గల్లా పెట్టె కాడ కూర్చో" అని పంపించాడు. గల్లా పెట్టె దగ్గర కూర్చోవడం నాకు చచ్చినా ఇష్టం లేదు. నా మాట విని ఒక్క బిడ్డయినా ఏదో ఒకటి నేర్చుకుందని తెలిస్తే చాలు, ఇక వెనక్కి తిరిగి చూడనని నాకు నేనే పందెం వేసుకున్నాను.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది. పొద్దున బస్టాండులో వేడివేడి బొరుగుల ఉగ్గాణి, పక్కన మిరపకాయ బజ్జీ. కిటికీ పక్క సీటు దొరికితే ఆ రోజు పండగే. బస్సు దిగేసరికి పిల్లలు నా సంచి మోయడానికి కొట్లాడుకునేవారు. ఒకరు ఉడకబెట్టిన చెనిక్కాయలు జేబు నిండా తెచ్చిపెడితే, ఇంకొకరు సీతాఫలం చేతిలో పెట్టి పరిగెత్తేవారు. ఇళ్ళలో కన్నడం మాట్లాడే పిల్లలు కొందరు నాకోసం తెలుగును కూడబలుక్కుని మరీ కబుర్లు చెప్పేవారు. ఇరవై మూడేళ్ళ దాన్ని, 'టీచర్' అని పిలిస్తే మొదట్లో నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూసేదాన్ని.

నాకిచ్చింది ఏడో తరగతి లెక్కలు. భిన్నాలు. రాత్రంతా కూర్చుని లెసన్ ప్లాన్ రాసుకునేదాన్ని, అంటే ఏ నిమిషంలో ఏమి చెప్పాలి, ఏమి అడగాలి, పిల్లలు ఏమి జవాబివ్వాలి అన్నీ ముందే రాసుకునే పథకం. అట్టముక్కల్ని గుండ్రంగా కత్తిరించి రొట్టెల్లాగా రంగులు వేశాను. పాఠం అయ్యాక "అర్థమైందా?" అని అడిగితే చాలు, "అర్థమైంది టీచర్!" అని పైకప్పు ఎగిరిపోయేలా అరిచేవాళ్ళు. అందరికంటే గట్టిగా అరిచేవాడు చివరి బెంచీ ఓబులేసు. నేను పుట్టుకతోనే టీచరునని నాకు అనుమానం కూడా రావడం మొదలైంది.

ఒకరోజు తొందరలో బోర్డు మీద తప్పు రాశాను. మూడో వంతు కన్నా నాలుగో వంతు పెద్దది అని రాసి, గీతలు గీసి, "అర్థమైందా?" అన్నాను.

"అర్థమైంది టీచర్!"

బోర్డు చెరపబోతూ చూసుకున్నాను. మూడో వంతే కదా పెద్దది! తిరిగి చూస్తే అందరి ముఖాల్లో అదే వెలుగు. వీళ్ళకు ఏమి అర్థమైందో నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర గంగరత్నను పక్కకు పిలిచాను. ముందు బెంచీ పిల్ల, ముక్కుసూటి మనిషి. "తప్పు రాస్తే కూడా అర్థమైందన్నారేమే?"

"అట్లనే అనల్ల గదా టీచర్. మీరు ట్రైనింగు టీచరు. మేము అర్థం కాల్యా అంటే మీకు మార్కులు పోతాయంట. పోయినేడు వచ్చిన సారు పాపం ఏడ్చినాడు. అందుకే ఎవురొచ్చినా గట్టిగా అనల్లని మేమే అనుకున్యాము."

ఇన్నాళ్ళూ వాళ్ళు నా దగ్గర చదువుకోవడం లేదు, నన్ను కాపాడుతున్నారు! కోప్పడాలా, దగ్గరకు తీసుకోవాలా తేల్చుకోలేకపోయాను. ఆ బడి లెక్కల సారుకు చెబితే ఆయన నవ్వేశారు. "ఏమమ్మా, సాయం చేస్తాండారు గదా, చేయించుకో. ప్రతి ఏడూ ఇదే కథ."

నాకు మాత్రం మనసొప్పలేదు. మరునాడు క్లాసులో చెప్పాను. "ఇకమీదట అర్థం కాకపోతే అర్థం కాలేదనే చెప్పండి. ఎవరైనా లేచి అడిగితేనే నాకు సంతోషం. అట్లా అడిగించుకున్న టీచరే మంచి టీచరు."

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఓబులేసు లేచాడు. "టీచర్, అయితే ఈ పొద్దు నుంచి అర్థమైందనల్లనా, వద్దా?"

"కూర్చోరా నాయనా" అన్నాను.

ఇంతలో ఫైనల్ లెసన్ వచ్చింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకులు వెనక బెంచీలో కూర్చుని మన పాఠం చూసి మార్కులు వేస్తారు. నాకు పరీక్షకురాలిగా వచ్చిన మేడమ్ ఓబులేసు పక్కనే కూర్చున్నారు. నేను కావాలనే మూడో వంతు, నాలుగో వంతు పాఠమే ఎంచుకున్నాను. ఆ తప్పును సరిచేయకుండా ఆ ఊరు వదిలి పోవడం నా వల్ల కాదు. రొట్టెలు చూపించాను, గీతలు గీశాను, అంతా ప్లాన్ ప్రకారమే. ఆఖరున అలవాటు కొద్దీ నోరు జారింది. "అర్థమైందా?"

ఒక్కరూ పలకలేదు. అవునంటే నాకు కోపం, కాదంటే నా మార్కులు పోతాయి. పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? మేడమ్ పెన్ను కాగితం మీదికి వంగింది. అయిపోయింది, ఇక గల్లా పెట్టే గతి అనుకున్నాను.

గంగరత్న లేచింది. "కాల్యా టీచర్. మూడు కన్నా నాలుగు పెద్దది గదా. మరి నాలుగో వంతు ఎట్ల చిన్నదవుతాది?"

ప్లాన్‌లో ఈ ప్రశ్న లేదు. ప్లాన్‌ను బల్ల మీద బోర్లించి ముగ్గురు పిల్లల్ని పిలిచాను. ఒక అట్ట రొట్టె ఇచ్చి పంచుకోమన్నాను. కత్తెరతో కత్తిరించుకున్నారు. నాలుగోవాణ్ణి కూడా పిలిచి నలుగురికీ కలిపి ఇంకో రొట్టె ఇచ్చాను. కత్తిరిస్తుంటే వెనక నుంచి ఓబులేసు కేక వేశాడు. "ఓహో! మనుషులు పెరిగితే ముక్క తగ్గుతాది! నాలుగు పెద్దదయ్యేది ముక్క కాదు, మంది!"

పక్కనున్న మేడమ్ ఉలిక్కిపడ్డారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇదీ, దీనికోసమే కదా వచ్చింది! రీక్యాపిట్యులేషన్, అంటే చివర్లో పాఠాన్ని తిరగేసి అడిగే ఘట్టం, మొదలుపెట్టకముందే గంట కొట్టేశారు. "టైము చూసుకోవాలమ్మా" అని మేడమ్ కొంచెం కోప్పడ్డారు. "కానీ పిల్లలు అడుగుతున్నారు, అది బాగుంది" అన్నారు. పాసయ్యానని ఆ మాటతోనే తెలిసిపోయింది.

సాయంత్రం గంగరత్న నన్ను బస్సెక్కించడానికి వచ్చింది. "ఎంత మంచి ప్రశ్న అడిగితివే" అన్నాను.

"నాకు జవాబు ముందే తెలుసు టీచర్."

"ఏంటి?"

"అడిగితేనే మంచి టీచరని మీరే అంటిరి. ఎవురూ అడగల్యా. మేడమ్ రాసేసుకుంటాంటే భయమేసింది. అందుకే నేను లేసినా."

నా సంతోషం మీద నీళ్ళు చల్లినట్టయింది. "మరి ఓబులేసు? వాడిదీ నాటకమేనా?"

"వానికి నేనేమీ చెప్పల్యా టీచర్." సంచి నా చేతికి అందించింది. "ఏమో. వాడూ మంచోడే."

బస్సులో కిటికీ సీటు దొరికినా కుదురుగా కూర్చోలేకపోయాను. ఓబులేసు మంచివాడని నాకూ తెలుసు. అదే కదా బాధ!

ఆఖరి రోజు మా నాయన అంగడి నుంచి గుండ్రటి చెనిక్కాయ చిక్కీలు తీసుకుపోయాను. అన్నీ ఒకే సైజు. బెంచీకొకటి ఇస్తూ ఓబులేసు దగ్గర ఆగాను. తేల్చుకోకుండా పోయేది లేదు. "ఓబులేసూ, నీకు మూడో వంతు కావాలా, నాలుగో వంతు కావాలా?"

వాడికి చిక్కీ అంటే ప్రాణం. ఒకసారి చిక్కీ వైపు, ఒకసారి అటూ ఇటూ చూశాడు. "నాలుగో వంతు టీచర్."

ప్రాణం ఉసూరుమంది. గంగరత్న నా వైపు జాలిగా చూసింది. వాడికీ ఏమీ రాలేదన్నమాట. ఆ రోజు కేక కూడా నా మార్కుల కోసమే. నెమ్మదిగా అడిగాను. "అదే పెద్దదనుకున్నావా నాయనా?"

"మూడో వంతే పెద్దది గదా టీచర్!" అన్నాడు, ఇంత తెలియదా అన్నట్టు. "బెంచీలో నలుగురం ఉండాము. నేను మూడో వంతు ఎత్తుకుంటే వీళ్ళకు సన్న ముక్కలొస్తాయి."

వాడు నా ముఖంలోకి చూసి గాబరా పడ్డాడు. "అర్థం కాల్యా టీచర్?"

"అర్థమైంది రా!" అన్నాను, వాళ్ళు అరిచేంత గట్టిగా. క్లాసంతా నవ్వింది.

ఇప్పుడు నేను నిజం టీచరును. గల్లా పెట్టె మా నాయనకే వదిలేశాను. "అర్థమైందా?" అనే మాట నాలుక చివరిదాకా వచ్చినా మింగేస్తాను. ఏదో ఒకటి పిల్లల చేతికిచ్చి పంచమంటాను, పక్కన నిలబడి చూస్తాను. లెక్క వచ్చిందో రాలేదో అందులోనే తెలిసిపోతుంది. కొన్నిసార్లు ఓబులేసు లాంటివాడు కూడా దొరుకుతాడు. వాడికి ఎన్ని మార్కులు వేయాలో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.