గర్భగుడి గడప దగ్గర

కనకాలపేట పొలాలు పోయాయి. ఏటి ఒడ్డు గోదాములు పోయాయి. నాకు మీసాలు వచ్చేసరికి మా వంశానికి మిగిలిన మర్యాద ఒక్కటే: స్వామివారి కల్యాణం నాడు పట్టుబట్టల పళ్ళెం మంటపం నుంచి గర్భగుడిలోకి మా ఇంటి పెద్ద మోసుకెళ్ళడం. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయిన మరుసటి ఏడు దానిమీద కూడా కన్ను పడింది. బయటివాళ్ళ కన్ను కాదు, నాన్నగారి పినతండ్రి కొడుకు, నాకు వరసకు బాబాయిది.

బాబాయి వాళ్ళకు దొరికిన సాకు నాన్నగారి కుడిచెయ్యి. ఒళ్ళో పెట్టుకుంటే చాలు, బొటనవేలూ చూపుడువేలూ కలిసి మాత్రలు చుడుతున్నట్టు ఆడేవి. వేరే ఊళ్ళో అయితే వాతం అనేవారు. మా చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో మద్యనిషేధం. తాగాలనుకున్న ప్రతివాడూ ఆ నిషేధం లేని మా యానాం వచ్చేవాడు. అందుకని ఇక్కడ చెయ్యి వణికితే దానికి ఒకటే అర్థం. జన్మలో సారా వాసన ఎరగని మనిషిని, మా ఉప్పు తిన్న ఊరు తాగుబోతు అంది. ముఖంలో కదలిక తగ్గి, పలకరించినా నవ్వలేకపోతే పొగరు అంది.

ఆస్పత్రి డాక్టరు పాండిచ్చేరి మనిషి. ఆయన నాన్నగారికి నీళ్ళగ్లాసు చాపాడు. అందుకుంటున్నంతసేపూ వణుకు ఆగింది.

"చూశారా? తాగుడు వణుకైతే పని చేస్తుంటే పెరుగుతుంది. ఇది తగ్గుతోంది. చెయ్యి ఊరికే ఉన్నప్పుడే ఆడుతోంది," అన్నాడు.

మెదడు అడుగున, వెన్నుపాములోకి దిగే కాడ పైభాగంలో, నల్లటి చార ఒకటి ఉంటుందట. కదలమని పైనుంచి వచ్చిన ఆజ్ఞ సాఫీగా సాగాలంటే అక్కడి కణాలు బాగుండాలట. నాన్నగారికి అవి నశిస్తున్నాయట. ఆ కణాలు డోపమిన్ అనే రసాయనం తయారుచేస్తాయనీ, కణం నుంచి కణానికి కబురు మోసేది అదేననీ నేను చదువుకున్నది చాలా ఏళ్ళ తర్వాత. అప్పటికి నాకు ఆ గ్లాసు చాలు. అందరి ఎదుటా పళ్ళెం పట్టుకుంటే వణుకు ఆగుతుంది, నోళ్ళు మూతపడతాయి అనుకున్నాను.

కల్యాణం నాడు బాబాయి మంటపం మెట్టు మీదే అడ్డు తగిలాడు.

"అన్నయ్యా, ఎందుకొచ్చిన శ్రమ నీకు? పళ్ళెం ఇలా ఇచ్చెయ్. స్వామి బట్టలు మట్టిలో పడితే ఊరికి అరిష్టం."

"పడవు బాబాయ్," అన్నాను.

"నువ్వేవన్నా మీ నాన్న చెయ్యి పట్టుకుంటావేంట్రా? సీసా పట్టుకున్నప్పుడు వణకదు కాబోలు!"

"ఆయ్, అప్పుడు ఉడుంపట్టేనండి!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. జనం నవ్వారు.

నాన్నగారు పళ్ళెం రెండు చేతులా అందుకున్నారు. వణుకు ఆగింది. పట్టు అంచు కూడా అదరలేదు. అప్పుడు బాబాయి మొహం మాడిపోవడం నేను కళ్ళారా చూశాను. ఆ సుఖం నాకిప్పటికీ తగ్గలేదు.

నాన్నగారు చిన్న చిన్న అడుగులతో గర్భగుడి గడప దాకా వెళ్ళారు. అక్కడ ఆగిపోయారు. మడమలు అదురుతున్నాయి గాని పాదాలు నేలను వదలడం లేదు. గడపలూ ఇరుకు తోవలూ ఆ జబ్బు మనిషిని ఇలా కట్టి పడేస్తాయని డాక్టరు మాకు చెప్పలేదు.

"దాటండి నాన్నగారూ."

"దాటుదామనే చూస్తున్నాన్రా. కాళ్ళు వినడం లేదు." జబ్బు ఆయన గొంతును కూడా సన్నం చేసింది. ఆ మాట నాకు తప్ప ఎవరికీ వినబడలేదు.

"చూశారా? స్వామే ఆపేశాడు!" బాబాయి జనం వైపు తిరిగి అన్నాడు. "తాగొచ్చినవాణ్ణి లోపలికి రానిస్తాడేంటి?"

దాంతో ఊరికి తీర్పు దొరికిపోయింది. పూజారి తల వంచుకున్నాడు. బాబాయి పళ్ళెం లాక్కుని ఒక్క అంగలో లోపలికి వెళ్ళాడు. ఖాళీ అయిన కుడిచెయ్యి మళ్ళీ ఆడసాగింది.

నేను అక్కడే నిలబడి మెదడు గురించీ, నల్లచార గురించీ గొంతెత్తి చెప్పాను. ఒక ముసలాయన జాలిగా నా భుజం తట్టాడు.

"పెద్దింటి బిడ్డవి. తాగుడికి ఇంత పెద్ద పేరెందుకు నాయనా?"

అతని చెయ్యి విదిలించేసి, నాన్నగారి రెండు చేతులూ పట్టుకుని వెనక్కి తిప్పాను. ఇటువైపు కాళ్ళు కదిలాయి. అది కూడా వాళ్ళకు నవ్వే అయింది. ఆ ఏటి నుంచి పళ్ళెం బాబాయి ఇంటిది. వాళ్ళలో ఎవరితోనూ నేను మళ్ళీ మాట్లాడలేదు.