ఇందులో కారు ఏది?

సుత్తి బాబాయి అన్న పేరు విని వాగుడుకాయ అనుకుంటే తప్పు మీదే. రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే ఎక్కువ. కర్ర సుత్తితో రేకు కొట్టి బతుకుతాడు కాబట్టి ఆ పేరు పడింది. నలభై మూడేళ్లుగా పాత కార్లకు రేకు పని చేస్తున్నాడు. నుజ్జయిన తలుపు ఆయన చేతికి వెళ్తే, కారు కొన్నరోజు ఎలా ఉందో అలా అయి బయటికొస్తుంది. చూసినవాళ్లు "దీనికసలు దెబ్బ తగిలిందా?" అంటారు. ఆయనకు దక్కే మెప్పు అదే, ఏడుపూ అదే. పని ఎంత బాగా చేస్తే, చేసినట్టు అంత తక్కువ కనపడుతుంది. అన్నీ ఎవరో గీసిన వంపులు, ఎవరో కట్టిన తలుపులు. తనవి అని చెప్పుకోవడానికి ఒక్క వంపు లేదు.

షెడ్డు గోడ మీద బొగ్గుతో గీసిన బొమ్మ మాత్రం ఆయనది. ఇద్దరు కూర్చునే కారు, పైకప్పు లేదు. వెనక భాగం పడవ కొనలా సన్నబడి ఒక గీతలో కలుస్తుంది. పదహారేళ్లుగా అక్కడే ఉంది. వానకు గోడ చెమ్మగిల్లి బొమ్మ చెరిగినప్పుడల్లా మళ్లీ దిద్దుతాడు. దిద్దినప్పుడల్లా తోక కాస్త పొడుగవుతుంది.

నిరుడు కుడిచేతి మణికట్టు మొరాయించింది. డాక్టరు నొక్కి చూసి, "ఇంకో ఏడాది. మహా అయితే రెండు. ఆ తర్వాత సుత్తి సంగతి మర్చిపో" అన్నాడు. అప్పట్నుంచీ బాబాయికి ఒకటే ధ్యాస. చెయ్యి పోయేలోపు ఒక్క కారుకైనా ముందునుంచి వెనక దాకా తనే ఒళ్లు కట్టాలి.

సరిగ్గా అప్పుడే ప్లీడరు గారు వాళ్ల నాన్న కారును నలుగురి చేత తోయించుకుంటూ షెడ్డుకి తెచ్చాడు. నాలుగు తలుపుల పాత సెడాన్. తలుపుల అడుగున తుప్పు, సీట్ల కింద ఎలుకల సంసారం. ఇంజను, దాన్ని మోసే ఛాసిస్ మాత్రం రాయిలా ఉన్నాయి.

ప్లీడరు చూపు గోడ మీద పడింది. చాలాసేపు అక్కడే ఉంది.

"బాబాయ్, ఈ పై డొప్ప కోసి పారేసి, ఆ బొమ్మని దీని మీద కట్టగలవా?"

"కట్టగలను" అన్నాడు బాబాయి.

మూడో రోజు రేకు కోసే కత్తెర చేతిలోకి తీసుకున్నాడో లేదో, గుమ్మంలోంచి కేక.

"ఆగవయ్యా! కత్తెర కింద పెట్టు!"

లెక్చరర్ గారు. రిటైరై, పాత కార్ల క్లబ్బుకి ప్రెసిడెంటై, పాఠాలు చెప్పడం మానలేక కనపడ్డవాడికల్లా చెప్తుంటాడు. పైగా ప్లీడరుకి స్వయానా అక్క మొగుడు. వెనకే ప్లీడరు కూడా దిగాడు.

"మావయ్యగారి కారు కోయిస్తావుట్రా? ఫ్యాక్టరీలో ఛాసిస్‌తో కలిసి పుట్టిన ఒళ్లురా అది. మళ్లీ పుడుతుందా?"

"పుట్టక్కర్లేదు బావా. అది చచ్చి పద్నాలుగేళ్లయింది. శవానికి పౌడరు రాయమంటావా?"

"శవమైతే శవంలా ఉంచు. కోసి సర్కసు బండి చేస్తానంటే ఊరుకోను."

"ఆ రోజుల్లో రేసుల పిచ్చోళ్లంతా చేసిందేంటి మరి? బరువు ఒళ్లు పీకేశారు, తేలిక ఒళ్లు తొడిగారు. ఆ స్పెషల్ కార్లకే కదా మీ క్లబ్బులో చుట్టూ తాడు కట్టి, ముట్టుకోవద్దని బోర్డు పెట్టారు?"

"వాళ్లు అప్పుడు చేశారు."

"అప్పుడు చేస్తే చరిత్ర, ఇప్పుడు చేస్తే నేరమా? మధ్యలో గీత ఎవరు గీశారు, నువ్వా?"

"నేనే. రూల్సు పుస్తకం రాసింది నేనేగా."

బాబాయి ఇద్దరి మధ్యా నిలబడి తల ఊపాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది. లెక్చరర్ మాట్లాడుతున్నంతసేపూ అదే నిజమనిపించింది. ప్లీడరు అందుకోగానే ఇదే నిజమనిపించింది. ఇద్దరూ ఒకేసారి అరిచినప్పుడు మాత్రం టీ తాగాలనిపించింది. చివరికి లెక్చరర్ వారం గడువు పెట్టి, క్లబ్బు వాళ్లతో వచ్చి చూస్తానని బెదిరించి వెళ్లాడు. "వాళ్లొచ్చేలోగా కోసెయ్ బాబాయ్" అని చెవిలో ఊది ప్లీడరూ వెళ్లాడు.

ఇంట్లో భార్య కంచం ముందు పెట్టి అడిగింది.

"ఏం తేల్చారయ్యా మీ పెద్దమనుషులు?"

"ఏం తేలలేదు."

"నీకేం కావాలి?"

"కట్టాలనుంది."

"అయితే కట్టు."

"కొయ్యాలంటే చెయ్యాడట్లేదే."

"అయితే మానెయ్."

"కట్టాలనుంది."

"ఆ డాక్టరు మణికట్టు చూశాడు గానీ, చూడాల్సింది అది కాదు" అని ఆవిడ మంచినీళ్లు తేవడానికి లేచింది.

మర్నాడు పొద్దున, ఎక్కడ కొయ్యాలో చూద్దామని లోపలి పైకప్పు గుడ్డ చించాడు. రేకు అంచులు పదును లేకుండా, వంగకుండా ఉండాలంటే అంచు లోపల ఇనప తీగ పెట్టి మడుస్తారు. తీగ కొసను ఎవరైనా మడత లోపలికే తోసేసి, కనపడకుండా కొట్టేస్తారు. ఇక్కడ వెనక అద్దం కింద కొస బయటికి ఉంది. వేలి ఉంగరంలా ఒక్క చుట్టు చుట్టి వదిలేసి ఉంది.

బాబాయి స్టూలు మీంచి దిగాడు. మళ్లీ ఎక్కి చూశాడు. ఆ చుట్టు ఆయనకు తెలుసు. పదిహేడేళ్ల వయసులో పని నేర్చుకుంటూ కొసను లోపలికి తోసినందుకు పెద్ద మేస్త్రి చేతిలో లెంపకాయ తిన్నాడు. "నీ తర్వాత దీన్ని విప్పేవాడు ఎక్కడ పట్టుకుని విప్పుతాడ్రా? నీ బుర్ర పట్టుకునా?" అన్నాడు ఆయన. అలా కొస వదిలే మనిషిని బాబాయి ఆ తర్వాత ఎక్కడా చూడలేదు. బాబాయి తనూ వదలడు. లెంపకాయ గుర్తుంది గానీ, కనపడకుండా చేయడమే జీవితమైపోయింది కదా.

ఫ్యాక్టరీ ఒళ్లూ లేదు, గాడిద గుడ్డూ లేదు. బాబాయి పనిలో చేరకముందే ఎప్పుడో, ఈ ఛాసిస్ మీద ఉన్నదేదో పీకేసి, పెద్ద మేస్త్రి తన చేత్తో ఈ సెడాన్ కట్టాడు. చెప్పుకునే మనిషి కాదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

బాబాయి ఆ సీట్లోనే కూలబడ్డాడు. సంగతి చెప్తే లెక్చరర్ అడ్డు తొలగుతుంది, తను కట్టుకోవచ్చు. కానీ అప్పుడు కత్తెర పడేది పెద్ద మేస్త్రి చేతి పని మీద. చెప్పకపోతే సెడాన్ బతుకుతుంది. కానీ ఫ్యాక్టరీ పేరుతో బతుకుతుంది, తన గోడ మీది బొమ్మ గోడ మీదే ఉంటుంది. అటు తిరిగితే అది, ఇటు తిరిగితే ఇది. మధ్యాహ్నం దాకా సీటు దిగలేదు. ఆఖరికి కడుపులో దాచుకోవడం చేతకాక ఇద్దరికీ కబురు పెట్టాడు.

లెక్చరర్ భూతద్దంతో ఉంగరాన్ని చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఇది అసలుది కాదా? ఇరవై ఏళ్లుగా అసలుదని క్లబ్బులో ఉపన్యాసాలిచ్చానే!"

"పోన్లే బావా" అన్నాడు ప్లీడరు.

"పోన్లే ఏంటి? అసలుది కానప్పుడు ఇంకెందుకు? కోసి పారేయించు!"

"ఎవర్రా కోసేది!" బావ అన్న సంగతి మర్చిపోయి ఎగిరాడు ప్లీడరు. "చేత్తో కట్టిన ఒళ్లు. ఇదే స్పెషల్! నా గుండెల మీంచి పోనియ్ ఆ కత్తెర!"

"నిన్న శవమన్నావు?"

"నిన్న నువ్వు పుట్టుక గురించి పాఠం చెప్పావు!"

నిన్నటి మాటలే. నోళ్లు మాత్రం మారాయి. కారుకి ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు నిలబడి అరుచుకుంటున్నారు. బాబాయి ఇక్కడున్నాడన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. కోసినా, కోయకపోయినా ఆయన పేరు ఎక్కడా రావట్లేదు.

అప్పుడాయనకు లెంపకాయ మళ్లీ గుర్తొచ్చింది. తీగ కొసనే వదిలిన మనిషి, ఒళ్లు మొత్తాన్ని విప్పే దారి లేకుండా కడతాడా? బాబాయి వంగి కాళ్ల కింది రబ్బరు పట్టా లాగాడు. జిడ్డు గుడ్డ చుట్టిన బోల్టు తల ఒకటి కనపడింది. నాలుగు మూలలా, మధ్యలో వెతికితే మొత్తం ఎనిమిది. పానా తీసుకుని మొదటిదాని మీద పెట్టాడు. అన్నేళ్ల తర్వాత కూడా వెన్నలా తిరిగింది.

చప్పుడుకి ఇద్దరూ ఆగారు.

"ఏం చేస్తున్నావ్ బాబాయ్?"

"కొయ్యక్కర్లేదండి. విప్పుతున్నా."

సాయంత్రానికి గొలుసులతో ఒళ్లును పైకెత్తి, నాలుగు ఖాళీ డ్రమ్ముల మీద దించారు. సెడాన్ చక్రాల్లేకుండా అటు కూర్చుంది. ఛాసిస్ బట్టల్లేకుండా ఇటు నిలబడింది. లెక్చరర్ క్లబ్బు రిజిస్టరు తెరిచి, పెన్ను పట్టుకుని, అటు చూసి ఇటు చూశాడు.

"పేజీ ఒకటే ఉంది. ఏది రాయను?"

"ఇంజను ఉన్నది" అన్నాడు ప్లీడరు. వెంటనే, "కాదు, నాన్న కూర్చున్నది" అన్నాడు.

మొదటిసారి ఇద్దరూ కలిసి బాబాయి వైపు తిరిగారు. "నువ్వు చెప్పు బాబాయ్. ఇందులో కారు ఏది?"

"నాకు తెలీదండి" అన్నాడు బాబాయి. నిజంగానే తెలీదు. "నేను కట్టేదీ ఆ ఎనిమిది చోట్లే బిగిస్తా. కావాలంటే మళ్లీ ఇదే పెట్టుకోవచ్చు. కట్టమంటారా?"

ప్లీడరు బావ మొహం చూశాడు. లెక్చరర్ పెన్ను జేబులో పెట్టి, పెన్సిలు తీశాడు. "కట్టు. నేను పెన్సిలుతో రాసుకుంటా."

మర్నాడు బాబాయి భార్య ఫ్లాస్కు పట్టుకుని షెడ్డుకొచ్చింది. కూర్చోవడానికి చోటు కనపడక, డ్రమ్ముల మీది సెడాన్ తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చుంది. బాబాయి టేపు పట్టుకుని గోడ మీది బొమ్మకీ ఛాసిస్‌కీ మధ్య ఏడుసార్లు తిరిగాడు.

"ఏమైందయ్యా?"

"తోక రెండు జానలు ఎక్కువొస్తోందే."

పదహారేళ్లు దిద్దీ దిద్దీ పొడుగు చేసుకున్నది ఆయనే, ఇంకెవర్ని తిట్టాలి? అరచేత్తో గోడ మీది తోక తుడిచాడు. ఎక్కువ తుడిచానేమో అని మళ్లీ కాస్త గీశాడు. మణికట్టు కలుక్కుమంది.

ఆవిడ కిటికీలోంచి టీ గ్లాసు అందించింది. "ఎంతసేపని కూర్చోమంటావు ఇందులో? ఎక్కడికి తీసుకెళ్తున్నావేంటి?"

"ఉండవే. ముందు తోక తేలనీ" అన్నాడు, ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో బొగ్గు పట్టుకుని.