కెమిస్టు బోర్డు

మొన్న జగ్గయ్యపేటలో రక్తపరీక్ష చేయించుకుంటే, ఇచ్చిన కాగితం మీద పెద్దక్షరాలతో 'బయోకెమిస్ట్రీ' అని ఉంది. పక్క కుర్చీలో రైతు ఆ మాటను తడబడకుండా చదివి, షుగరెంత ఉందండీ అని నన్నడిగాడు. నవ్వొచ్చింది, ఆ వెనకే బెంగగానూ అనిపించింది. నేను మద్రాసులో ఆ చదువు చదివిన అరవైల్లో ఆ మాటకు మా ఊళ్ళో ఎవరికీ నోరు తిరిగేది కాదు. సెలవులకు వస్తే పెద్దమ్మ నడుంనొప్పికి మాత్ర అడిగేది, వీధిలో వాళ్ళు గేదె పాలు తగ్గాయని చెప్పుకునేవారు. అందరూ నాతో మాట్లాడేవారే గానీ, నా చదువు సంగతి మాట్లాడుకోవడానికి ఒక్కరూ ఉండేవారు కాదు. చుట్టూ ఇంతమంది ఉండి కూడా దిగులుగా ఉండేది.

నాన్న పోయాక నన్ను పెంచి చదివించింది పెద్దనాన్న. మిరపచేను తప్ప మరో లోకం ఎరగని మనిషి. నా చదువు పేరులో ముందు సగం వదిలేసి వెనక సగం పట్టుకున్నాడు. బెజవాడ మందుల షాపుల మీద 'కెమిస్ట్' అని రాసుంటుందని ఎవరో చెప్పారట. ఇంకేం, మావాడు కెమిస్టని ఊరంతా చాటాడు. ఎమ్మెస్సీ పూర్తయింది, బెంగుళూరులో పరిశోధనకు చోటు దొరికింది అని చెబుదామని నేను ఇంటికొస్తే, ఆయన చెప్పనిస్తేగా! మర్నాడే బస్సెక్కించి నందిగామ తీసుకెళ్ళాడు. బస్టాండు దగ్గర కొత్తగా సున్నం వేసిన గది, వార్నిష్ వాసన కొడుతున్న బీరువాలు, గుమ్మం పైన నీలం బోర్డు. దాని మీద 'కెమిస్ట్' అని, కింద నా పేరు. ఆయన బోర్డు కేసి చూడటం లేదు, నా ముఖం కేసే చూస్తున్నాడు. ఔనంటే బెంగుళూరు లేదు, కాదంటే ఆయన ముఖం చూడలేను.

నాది మందులమ్మే చదువు కాదని, తిన్న అన్నం ఒంట్లో సత్తువగా ఎలా మారుతుందో తెలుసుకునే చదువని, దానికోసమే బెంగుళూరులో చోటు దొరికిందని నెమ్మదిగా చెప్పాను. ఆయన బీరువా తలుపు తీశాడు, మూశాడు, మళ్ళీ తీశాడు. తిట్టినా బాగుండుననిపించింది.

"అక్కడ దీని గురించి మాట్టాడుకోటానికి మనుషులుంటార్రా?" అన్నాడు చివరికి.

"ఉంటారు పెద్దనాన్నా."

"అయితే ఎళ్ళు. ఇక్కడ ఒక్కడివే అయిపోతన్నావని నాకు తెల్సు. అందుకేరా, నలుగురూ వచ్చిపోయే చోటని బస్టాండు దగ్గర చూశా."

బెంగుళూరులో నా చదువు మాట్లాడేవాళ్ళు ఎందరో దొరికారు. నేను ఒక్కణ్ణే అయిపోతున్నానని కనిపెట్టిన మనిషి మాత్రం మళ్ళీ దొరకలేదు. ఇన్నేళ్ళు గడిచాక, వయసు మీద పడేకొద్దీ, అలా కనిపెట్టేవాళ్ళ కోసమే ప్రాణం కొట్టుకుంటుంది.