చాటల చెరిగిన లేజరు

మొగులమ్మ ఊడ్చిన షాబాదు బండల మీద చీమ గూడ జారి పడతదని ఆమె నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

అది 1974. పటాన్‌చెరు కార్ఖానాల నడుమ ఒక రేకుల షెడ్డు. అండ్ల చలపతిరావు సారు డాక్టరేటు పట్టా కోసం ఆరేండ్ల సంది లేజరు మీద కుస్తీ పడుతుండె. షెడ్డు ఊడ్చేది మొగులమ్మ. చదువు రెండో తరగతి, గర్వం ప్రిన్సిపాలుకున్నంత.

"మొగులమ్మా, నా బల్ల మాత్రం ముట్టుకోకు" అని సారు రోజూ చెప్పేది. ఆమె రోజూ తలూపేది.

ఆ పొద్దు యూనివర్సిటీకెల్లి పరీక్ష చేసే పెద్దసార్లు పగటీలి అన్నం టైముకు వస్తున్నరని తెలిసింది. చుట్టాలొస్తుంటే ఇల్లు అలకని ఆడదుంటదా? బల్ల తుడిచింది. కాగితం మీదున్న నల్ల నలుసును దులిపి, ఊడ్చి, బయట చెత్తకుప్పల పోసింది.

సారు వచ్చి ఉత్త కాగితం చూసి కుర్చీల కూలబడ్డడు. ఆ నలుసే లేజరు. రవ్వ గింజంత. సారు చేసిన వాట్ల మిగిలింది అదొక్కటే, అది వెలగకుంటే పట్టా లేదు.

"నువ్వు దులిపింది దుమ్ము కాదమ్మా, నా ఆరేళ్ళ బతుకు."

వాచ్‌మన్ ఐలన్న నవ్విండు. "ఏందక్కా, లేజరంటే నీ నోరంత ఉంటదనుకుంటి. రవ్వంతేనా?"

"నోర్ముయ్యి. ఉరికి మీ ఇంట్లకెల్లి చాట తే."

ఆ నలుసు ఇసుక కంటె రెండింతల బరువని సారు చెప్పిండు. ఆమెకు గదొక్క మాట చాలు. బియ్యంల మెరిగెలు ఏరిన చేతులు గద? కుప్పనంత చాటకెత్తి చెరిగింది. తేలికది ఎగిరిపోయింది. ఆఖరుకు మూడు నలుసులు మిగిలినై. సారు భూతద్దం పెట్టిండు. ఒకటి ఇనుప రజను. ఇంకొకటీ ఇనుప రజనే. మూడోదాన్ని చూసి సారు "ఇదే" అన్నడు. అంచులు కత్తితోని కోసినట్టున్నై.

పెద్దసార్ల ముంగట దాన్ని రాగి దిమ్మె మీద కూసోబెట్టి, పొగలు కక్కే చల్లటి నైట్రోజన్ పోసి, కరెంటిచ్చిండు. మొగులమ్మ కిటికీలకెల్లి తొంగి చూసింది. మిణుగురంత వెలుగు గూడ లేదు.

"అయిపోయింది ఐలన్నా. నేనే చంపిన."

అంతల మీటరు ముల్లు లేచింది. పెద్దసార్లు తలకాయలూపిన్రు. సారు చెమట తుడుచుకుంట బయటికొచ్చిండు.

"వెలిగింది మొగులమ్మా! ఆ వెలుగు కంటికి కనపడదు, మీటరుకే తెలుస్తుంది."

"నాకు కనవడ్డది సారూ" అన్నది, రెప్ప గూడ కొట్టకుంట.

సారు పట్టా తెచ్చుకుని పెద్ద ప్రొఫెసరయిండు. మొగులమ్మ లేజరు చెరిగిన ముచ్చట జిన్నారం దాక చెప్పుకున్నది. అసలు దులిపిందెవరని అడిగితే మాత్రం ఐలన్న దిక్కు చూస్తది.