లైనొచ్చింది

మా ఊళ్ళో ‘లైను’ లేకుండా మాట నడవదు. రేషన్ బియ్యానికి నిలబడితే లైను. చీనీ, అదే బత్తాయి, చెట్ల కింద పరిచిన నల్ల పైపు డ్రిప్పు లైను. పిల్లను చూసి పళ్ళికిలిస్తే లైను వేసినట్టు. అంగడి పెట్టినవాడు ఆ లైనులో దిగినట్టు. సేద్యం చేసేవాడికి మాత్రం లైనంటే బోరు మోటారుకు వచ్చే త్రీఫేజు కరెంటే. తక్కినవన్నీ దాని తర్వాత.

అది ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో దేవుడికెరుక. అందుకని ఆ లైనుకే కలిపి ఇంటి గోడకు ఒక బల్బు పెట్టుకున్నాం. అది వెలగ్గానే నా భార్య మిద్దె ఎక్కి తోటకేసి కేక పెట్టేది.

“ఏమప్పా, లైనొచ్చిండాది! యాడ పండుకోనుండావు?”

“వేస్తాండాలే! గొంతు చించుకోవాకు!”

మా సంసారం ఊరందరికీ వినబడేది. నాకు సిగ్గేసేది. ఆమెకేం, నవ్వేది. “పొద్దస్తమానం ఆ కరెంటు స్తంభాన్నే చూస్తావు. దాన్నే చేసుకోనుంటే పోయేది” అని ఎగతాళి చేసేది.

ఆమె జ్వరంతో పోయింది. మాకు పిల్లల్లేరు. కేకేసే మనిషి లేక, లైను వచ్చింది తెలియక, చెట్లు వాడిపోసాగాయి. అప్పుడు మోటారు దగ్గర సిమ్ము వేసే స్టార్టరు పెట్టించాను. కరెంటు రాగానే అదే నాకు ఫోను చేస్తుంది. “మీ మోటారుకు విద్యుత్ సరఫరా వచ్చింది” అని ఎవరో ఆడమనిషి గొంతు, పాఠం అప్పజెప్పినట్టు. మొదట్లో ఒళ్ళు మండేది. పోను పోను “వస్తాండాలే” అనడం అలవాటైంది. ఆ మహాతల్లి నా జవాబు వినకుండానే పెట్టేసేది.

ఈ ఎండాకాలం బోరు ఎండిపోయింది. మోటారు పైకి తీయించాను. బత్తలపల్లె నుంచి వచ్చిన మెకానిక్కు స్టార్టరు కూడా విప్పబోయాడు.

“నీళ్ళే లేవు, ఇదేం చేసుకుంటావన్నా? సిమ్ముకు దుడ్లు దండగ.”

“ఉండనీలేప్పా.”

“లైనొస్తే మాత్రం ఏం చేస్తావు?”

ఏమని చెప్పను? నా ఫోనుకు ఇంకెవరూ చేయరని చెప్పాలా? వాడు నన్ను ఎగాదిగా చూసి, సామాన్లు సర్దుకుని పోయాడు.

మర్నాడు ఎండిన చెట్ల మధ్య గట్టు మీద కూర్చుని ఉంటే ఫోను మోగింది. అదే గొంతు, అదే మాట.

“నాకిప్పుడు పనేం లేదు. కొంచేపు లైన్లో ఉండు” అన్నాను.

పెట్టేసింది.