నా బ్యాగ్ బయల్దేరింది

ఫీనిక్స్ ఎండకు విసిగి, ఈ శనివారం ఫ్లాగ్‌స్టాఫ్ కొండల్లో క్యాంపింగ్‌కి బుక్ చేశాను. నక్షత్రాలు బాగా కనబడతాయని ఏరికోరి అమావాస్య నాడే పెట్టాను. పొద్దున మా ఆవిడ క్యాలెండర్ చూసింది.

"అమావాస్య రోజు ఎవరైనా బయల్దేరతారా?"

"క్యాన్సిల్ చేస్తే ఇంకో సైట్ దొరకదు తల్లీ!"

"క్యాన్సిల్ ఎందుకు? ఇవాళ బుధవారం, మంచిరోజు. నీ బ్యాగ్ పక్కింట్లో పెట్టేసి రా. ఇవాళే బయల్దేరినట్టు లెక్క."

పెట్టొచ్చాను. అప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. మీటింగుల మధ్య నాలుగుసార్లు కిటికీలోంచి ఆ ఇంటివైపు చూశాను. నా బూట్లు, టార్చి, స్లీపింగ్ బ్యాగ్ హాయిగా ప్రయాణంలో ఉన్నాయి. శనివారం దాకా నన్ను కూడా పక్కింట్లో పెట్టే శాస్త్రం ఏదైనా ఉంటే చెప్పండి.