తలకిందులైన త్రికోణం

మా సేయిల్‌బెక్ అగాయ్‌కి, అంటే మా మాస్టారికి, ఏ వస్తువైనా లోపం లేకుండా కనబడితే తోచదు. అల్మాటీలో మా ప్రయోగశాలకు కొత్త టీ గిన్నెలు వస్తే, ముందుగా ఒకదాని అంచు తనే చెక్కేసేవారు. "ఇప్పుడు టీ పోసి చూద్దాం. కారకపోతే మంచి గిన్నే." పెళ్లి కోటుకు కూడా ఒక బొత్తాం పీకేశారట. "మరి నన్నెందుకు వదిలేశారు?" అని ఆయన భార్య అడిగితే, "నీకు నేను దొరికానుగా, ఆ సొట్ట చాలదూ!" అన్నారట.

ఆ పిచ్చికి తగ్గ పనే దొరికిందాయనకు. చెవికందని కంపనాలను లోహపు పలకలో చెప్పిన దారిన నడిపించడం మా పని. పలక నిండా చిన్న చిన్న త్రికోణపు రంధ్రాలుంటాయి. సగం పలకలో వాటి మొనలు పైకి, సగంలో కిందికి. ఆ రెండు సగాల సరిహద్దు పట్టుకునే కంపనం పోవాలి, మలుపు వచ్చినా వెనక్కి తిరగకూడదు. పలక తయారు కాగానే అగాయ్ ఒక రంధ్రంలో మైనం కూరేవారు. అయినా కంపనం దాన్ని చుట్టుకుని ముందుకు పోతే తొడ చరుచుకునేవారు.

రాజధాని నుంచి తనిఖీ బృందం రావలసిన రోజు పొద్దున్నే కొర్లాన్ ఏడుస్తూ వచ్చింది. పలకకు నమూనా గీసింది ఆ అమ్మాయే. చేరి రెండు నెలలైంది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

"సరిహద్దు పక్కన ఒక త్రికోణం తలకిందులుగా గీశాను అగాయ్. అలాగే కోసేశారు. ఇక నన్ను ఇంటికి పంపేస్తారు."

అగాయ్ వంగి చూశారు. "ఒక్కటేనా? ఇంత పిసినారివేంటి తల్లీ!" నాకేసి తిరిగారు. "ఆ ఆకురాయి ఇలా అందుకో."

"అగాయ్, మనకున్నది ఇదొక్కటే పలక!"

"తెలుసులేవయ్యా."

ఇంకో నాలుగు త్రికోణాల మొనలు అరగదీసి చేతులు దులుపుకున్నారు.

బృందంలో పెద్దాయన పలక చూసి ముఖం చిట్లించారు. "ఇదేంటి, తలకిందులుగా ఉంది? ఇవి అరిగిపోయాయి? ఎవరి నిర్వాకం?"

"నాదే. పాడుచేయడం నా అలవాటు, వీళ్లని అడగండి." మేమంతా తలూపాం.

కంపనం నడిచే దారిని చూపే తెర మీద వెలుగు గీత బయలుదేరింది. తిరగబడ్డ త్రికోణం దగ్గర కాస్త ఒరిగింది. కొర్లాన్ నా చేయి నలిపేస్తోంది. గీత చుట్టుకుని, మలుపు తిరిగి, అవతలి చివరకు చేరింది.

పెద్దాయన కళ్లజోడు తుడుచుకున్నారు. "మళ్లీ చూపించండి." మూడుసార్లు చూశారు. "నమూనా ఎవరిది?"

"ఇదిగో, ఈ అమ్మాయిది. నేనెంత పాడుచేసినా నడిచేలా గీసింది."

నిజం చెప్పబోయిన కొర్లాన్ నోట్లో అగాయ్, టీ పళ్లెంలోంచి నూనెలో వేయించిన వేడి పిండి ఉండ, బౌర్సాక్ ఒకటి తీసి కుక్కేశారు.

"తిను తల్లీ, చల్లారితే బాగుండవు."